సెక్షన్ 30 అమల్లో ఉన్న ఊళ్లో దేశభక్తి

జిల్లా ఎడిషన్ లోపలి పేజీ అడుగున తరచూ ఓ మూడు లైన్ల వార్త పడుతుంటుంది. ఫలానా సబ్ డివిజన్ పరిధిలో ఈ నెలాఖరు దాకా పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉంటుంది, ముందస్తు అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేయరాదు, ఉల్లంఘిస్తే చర్యలు తప్పవు అని డీఎస్పీ ఒక ప్రకటనలో తెలిపారు. అంతే. ఎందుకు అమల్లో ఉందో రాయరు. నెల తిరిగేసరికి అదే వార్త తేదీలు మార్చుకుని మళ్లీ వస్తుంది. చదివేవాళ్లకు అది పంచాంగంలో వర్జ్యం లాంటిదైపోయింది. ఉందని తెలుసు, ఎందుకుందో ఎవరూ అడగరు.

ఆ చట్టం 1861 నాటిది. 1857 తిరుగుబాటును అణిచేసిన నాలుగేళ్లకు, మళ్లీ అలాంటిది తలెత్తకుండా చూసుకోవడానికి దొరలు రాసుకున్నది. హైదరాబాద్ నగరానిది ఇంకో ముచ్చట. అక్కడి పోలీసు చట్టం పేరులోనే 1348 ఫస్లీ అని, నిజాం కాలపు సంవత్సరాల లెక్కలో ఉంటుంది. నిజాం పోయాడు, ఫస్లీ లెక్క పోయింది, చట్టం మాత్రం నడుస్తోంది.

ప్రభుత్వాన్ని వ్యతిరేకించడం దేశభక్తా కాదా అన్న చర్చ టీవీల్లో ఎప్పుడు జరిగినా రెండే రెండు జవాబులు వినిపిస్తాయి. ప్రశ్నించడమే అసలైన దేశభక్తి అని ఒకవైపు. ఇదంతా దేశాన్ని వెనక్కి లాగే పని అని ఇంకోవైపు. 2021 ఫిబ్రవరి 8న రాజ్యసభలో ప్రధాని ‘ఆందోళన్‌జీవి’ అన్న మాట వాడాక ఈ రెండో జవాబుకు ఒక పేరు కూడా దొరికింది. నాకు రెండు జవాబులతోనూ పేచీ ఉంది. రోడ్డెక్కినవాడి గుండెలో ఏముందో తూకం వేసి, తేలితే వదిలెయ్యాలి, తేలకపోతే పట్టెయ్యాలి అన్న దగ్గర ఇద్దరూ ఒక్కటే. ఆ తక్కెడే అక్కర్లేదన్నది నా వాదన. అసమ్మతి చాలాసార్లు దేశానికి మేలు చేసింది. కానీ అలా చేసినవాళ్లలో ఎక్కువమంది దేశం కోసం చేయలేదు. తమ పొలం కోసమో, తమ ఊరి నీళ్ల కోసమో, తమ ఉద్యోగం కోసమో చేశారు. దేశభక్తి సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే నోరు విప్పాలంటే ఆ మేలు జరిగేదే కాదు.

రాజు పోయాడు, ద్రోహం మిగిలింది

తెలుగులో రెండు వేరువేరు మాటలున్నాయి. రాజద్రోహం, దేశద్రోహం. మొదటిది ఏలేవాడికి చేసేది, రెండోది నేలకూ జనానికీ చేసేది. పాత శిక్షాస్మృతిలోని 124ఎ సెక్షన్ చట్టప్రకారం ఏర్పడిన ప్రభుత్వం మీద ద్వేషం, ధిక్కారం, విముఖత రేపకూడదని చెప్పింది. దేశం మీద అనలేదు. కాబట్టి దానికి సరైన తెలుగు రాజద్రోహమే. మన పత్రికలు, చానళ్లు మాత్రం ఏళ్ల తరబడి ‘దేశద్రోహం కేసు’ అనే రాశాయి. శీర్షికలో పదం మారితే ముద్దాయి జాతకం మారిపోతుంది. రాజద్రోహి అంటే సర్కారుతో గొడవ పెట్టుకున్నవాడని అనుకుంటారు. దేశద్రోహి అంటే బెయిల్ వచ్చినా ఇల్లు అద్దెకివ్వరు.

1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైలుకు పంపింది ఈ రాజద్రోహం కిందే. అదే ఏడాది తిలక్‌ను మాండలేకు పంపిందీ దీనికిందే. గాడిచర్ల తర్వాత గ్రంథాలయోద్యమంలో, వయోజన విద్యలో జీవితం గడిపారు. 1908 నాటి జడ్జి ముందు ఆయన దేశభక్తి రుజువు కావడానికి మార్గమే లేదు. ఎందుకంటే అక్కడ దేశమూ ప్రభుత్వమూ ఒక్కటే అనుకోవాలని చట్టం ముందే తేల్చేసింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ సెక్షన్ పోతుందనుకున్నారు. పోలేదు. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెడుతూనే, హింసకు పురిగొల్పడమో ప్రజాశాంతిని చెడగొట్టే ఉద్దేశమో ఉంటేనే నేరమని గీత గీసింది. ఆ గీత ఎంత దూరం పోతుందో 1995 నాటి బల్వంత్ సింగ్ కేసు చూపిస్తుంది. 1984 అక్టోబర్ 31న, ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజునే, చండీగఢ్‌లో ఒక సినిమా హాలు ముందు ఖలిస్తాన్ నినాదాలు చేసినవాళ్ల కేసు అది. ఎవరూ స్పందించలేదు, ఏ గొడవా జరగలేదు, ఉత్త నినాదాలకు ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు వాళ్లను విడిచిపెట్టింది. ఆ నినాదం దేశభక్తి అని ఎవరూ అనలేరు, కోర్టూ అనలేదు. నినదించినవాడి మనసు ఎలాంటిదని కాక, దానివల్ల ఏం జరిగిందని చూసింది. నేను పైన తక్కెడ అక్కర్లేదన్నది ఇందుకే.

2022 మే 11న సుప్రీంకోర్టు 124ఎ కింద కొత్త కేసులు పెట్టొద్దని చెప్పి పక్కన పెట్టింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఈ సెక్షన్ లేదు, 152 ఉంది. రాజద్రోహం తీసేసి దేశద్రోహం పెట్టామని పార్లమెంటులో చెప్పుకున్నారు. మాటల వరకు చూస్తే అది సరైన సవరణే. ప్రభుత్వాన్ని కాక దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను కాపాడతానంటోంది. చట్టబద్ధంగా ప్రభుత్వ చర్యలను విమర్శించడం నేరం కాదని వివరణ కూడా చేర్చారు. నా అనుమానమల్లా ‘విధ్వంసక కార్యకలాపాలు’ అంటే ఏమిటో ఆ సెక్షన్‌లో నిర్వచించకపోవడం దగ్గరే. పాత సెక్షన్‌లో యావజ్జీవం లేదంటే మూడేళ్ల దాకా జైలు ఉండేది. కొత్తదాంట్లో యావజ్జీవం లేదంటే ఏడేళ్ల దాకా. పేరు సరిదిద్దారు, బరువు పెంచారు.

దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది

నిజానికి ధర్నాలను ఆపేది ఈ పెద్ద సెక్షన్లు కావు. చిన్న కాగితాలు.

రాజ్యాంగం 19(1)(బి) శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమికూడే హక్కు ఇచ్చింది. సెక్షన్ 30 ఏం చెబుతుందో చదివినవాళ్లు తక్కువ. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా నడవాలో పోలీసు అధికారి నిర్దేశించవచ్చు. అదుపు లేకపోతే శాంతిభంగం జరుగుతుందని తనకు నమ్మకం కలిగితే లైసెన్సు తీసుకోమని నోటీసు ఇవ్వవచ్చు. ఆ లైసెన్సుకు రుసుము తీసుకోకూడదు. ఇదీ అందులో ఉన్నది. సభలనే నిషేధించమని అందులో లేదు. క్రమబద్ధం చేసే అధికారాన్ని నిషేధించే అధికారంగా వాడుతున్నారు, అసలు మెలిక అదే. రోడ్ల మీద సభలన్నిటినీ మూకుమ్మడిగా కాదనే అధికారం పోలీసుకు లేదని హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పి 50 ఏళ్లు దాటింది.

అనుమతి కోరే పద్ధతి మామూలుగా ఇలా నడుస్తుంది. కమిషనరేట్ ఉన్న నగరాల్లో డీసీపీకి, మిగతా చోట్ల డీఎస్పీకి దరఖాస్తు పెట్టి, స్థానిక స్టేషన్ అధికారి (ఎస్‌హెచ్‌ఓ)కి నకలు ఇస్తారు. సంఘం పేరు, బాధ్యులు ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు, తేదీ, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఎంతమంది వస్తారు, ఎక్కడి నుంచి ఎక్కడికి, బండ్లు ఎక్కడ ఆపుతారు, మైకు ఉంటుందా అన్నవి రాయాలి. మైకుకు విడిగా అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అది ఎలాగూ కుదరదు. ఇన్నిటిలోకీ ముఖ్యమైన పని ఏమిటంటే రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవడం. ఆ స్టాంపు లేని దరఖాస్తును తర్వాత ఎవరూ చూడలేదంటారు.

తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి, తిరస్కరించినా రాసివ్వరు. “పైనుంచి చెప్పారండి” అని నోటిమాటతో సరిపెడతారు. నోటిమాట మీద హైకోర్టుకు పోలేం. రెండోది, రాసిచ్చినా సభ ముందురోజు సాయంత్రం ఇస్తారు. అప్పుడిక అదే రోజు మధ్యాహ్నం వినమని కోరే లంచ్ మోషనో, సెలవు రోజైతే జడ్జి ఇంట్లోనే వినమని కోరే హౌస్ మోషనో వేసుకోవాలి. మన రెండు హైకోర్టుల్లోనూ ఈ రెండు మాటలు జనానికి బాగా తెలిసినవే. అవి ఎందుకంత తెలిసిపోయాయో ఒకసారి ఆలోచించాలి. పది రోజుల ముందు ఇచ్చిన దరఖాస్తుకు మూడో రోజున జవాబిస్తే ఎవరూ జడ్జి గారి ఇంటి తలుపు కొట్టరు. హైకోర్టు ఇంతమందికి మించొద్దు, ఇన్నింటికల్లా ముగించాలి అని షరతులు పెట్టి అనుమతిస్తుంది. ఆ షరతులు డీఎస్పీయే పెట్టి ఉండొచ్చు, కానీ పెట్టడు. అనుమతిచ్చాక ఏదైనా జరిగితే బాధ్యత తనదవుతుంది. కోర్టు ఇస్తే కోర్టుదవుతుంది. ఇందులో దుర్మార్గం కన్నా భయమే ఎక్కువని నా అంచనా.

అనుమతి లేకుండా కూర్చుంటే సాధారణంగా పడేది ఉత్తర్వు ఉల్లంఘన కేసు. పాత 188, ఇప్పటి న్యాయ సంహిత 223. ఈ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి, లేదా ఆయన పైఅధికారి రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలి. ఎస్సై ఎఫ్ఐఆర్ కట్టి నేరుగా ఛార్జిషీటు వేస్తే అది నిలవదు. హైకోర్టుల్లో ఇలాంటి కేసులు కొట్టుడుపోవడం మామూలే. అయినా ఛార్జిషీట్లు వేస్తూనే ఉంటారు, ఎందుకంటే శిక్ష వేయించడం వాళ్ల ఉద్దేశం కాదు. రెండు మూడేళ్లు వాయిదాలకు తిరిగితే చాలు, పాస్‌పోర్టు దరఖాస్తులో ‘పెండింగ్ కేసు’ అని పడితే చాలు.

ఇందిరా పార్కు పక్కన

హైదరాబాద్‌లో ధర్నా చౌక్ అంటే ఇందిరా పార్కు పక్కన రోడ్డు ముక్క. సచివాలయం ముందు గొడవ వద్దని ప్రభుత్వాలే జనాన్ని అక్కడికి అలవాటు చేశాయి. అంగన్‌వాడీలు, కాంట్రాక్టు లెక్చరర్లు, నిర్వాసితులు, నిరుద్యోగులు, ఆఖరికి ప్రభుత్వోద్యోగులు కూడా అక్కడ కూర్చున్నవాళ్లే. తెలంగాణ కోసం కూర్చున్నవాళ్లూ ఉన్నారు. 2017లో అదే తెలంగాణ ప్రభుత్వం అక్కడ ధర్నాలు వద్దంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఇబ్బంది, ట్రాఫిక్ ఆగుతోంది, శివార్లలో స్థలం చూపిస్తామంది. ఆ ఏడాది మే 15న చౌక్‌ను ఆక్రమించుకుంటామని పార్టీలు, ప్రజాసంఘాలు వెళ్తే ‘స్థానికుల’ పేరుతో ఇంకో గుంపు ఎదురైంది. ఆ గుంపులో ప్లకార్డులు పట్టుకున్నవాళ్లలో మఫ్టీ పోలీసులున్నారని పత్రికలు ఫొటోలతో రాశాయి. 2018లో హైకోర్టు షరతులతో మళ్లీ అనుమతించేదాకా చౌక్ మూతబడే ఉంది. ఢిల్లీలో జంతర్‌మంతర్ విషయంలోనూ ఇదే జరిగింది. 2017లో హరిత ట్రిబ్యునల్ శబ్ద కాలుష్యమని ఆపింది, 2018 జులైలో సుప్రీంకోర్టు తెరిపించింది.

2021 నవంబర్ 18న అదే ఇందిరా పార్కు దగ్గర ఒక మహాధర్నా జరిగింది. కేంద్రం వడ్లు కొనడం లేదని. కూర్చున్నది ముఖ్యమంత్రి కేసీఆర్, మంత్రులు, ఎమ్మెల్యేలు. చౌక్ వద్దన్న ప్రభుత్వమే ఆ చౌక్‌లో. సోషల్ మీడియాలో ఆ రోజు వేళాకోళానికి లోటు లేదు. నాకు మాత్రం అందులో నవ్వు కన్నా ఒక రుజువు కనిపించింది. రాష్ట్రాన్నంతా ఏలుతున్న మనిషికి కూడా తనకన్నా పైన ఒక ప్రభుత్వం ఉంటుంది, దాని ముందు ఆయనా ధర్నా చౌక్ మనిషే. ఆ రోజు ఆయన్ను దేశద్రోహి అనాలా? అంటే నవ్వుతారు. మరి అంతకు నాలుగేళ్ల ముందు అక్కడ కూర్చోబోయినవాళ్ల సంగతో?

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే పాఠం, కాకపోతే ఈసారి చావులతో. 2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు రోడ్ షోలో తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకు గుంటూరులో చీరల పంపిణీలో ఇంకో ముగ్గురు. 2023 జనవరి 2న జీవో నంబర్ 1 వచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీదా, మున్సిపల్, పంచాయతీ రోడ్ల మీదా సభలకు అనుమతి ఇవ్వొద్దని, ప్రత్యామ్నాయ స్థలాలు చూడమని. ప్రతిపక్షాలు గొంతు నొక్కుతున్నారన్నాయి. మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

ఇక్కడ నా వాదనకు ఎదురుదెబ్బ ఉందని ఒప్పుకోవాలి. ఆ ప్రాణాలు నిజంగానే పోయాయి. ఇరుకు సందులో వేలమందిని నింపి, కాలువ పక్కన బారికేడ్ లేకుండా బండి ఆపితే అది వాక్ స్వాతంత్ర్యం సంగతి కాదు. సెక్షన్ 30 రాసింది నిజానికి ఇలాంటిచోటే వాడటానికి. సందు వెడల్పెంత, ఎన్ని దారులున్నాయి, అంబులెన్స్ ఎటునుంచి వస్తుంది అని అడిగి, ఆ సందు కాదు ఈ మైదానం అని చెప్పడానికి. ఆ పని ముందు చేయకుండా, మనుషులు పోయాక రాష్ట్రమంతటికీ తాళం వేశారు. జ్వరం వచ్చినప్పుడు చూడకుండా, పోయాక ఊరందరికీ లంఖణం పెట్టినట్టు.

బీల

అసమ్మతి దేశానికి ఎలా పనికొస్తుందో చెప్పడానికి నాకు సోంపేట కన్నా మంచి ఉదాహరణ తెలియదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల ఉంది. వర్షాకాలం నీళ్లు నిలిచి, ఎండాకాలం దాకా తడి ఆరని పల్లపు నేల. చుట్టుపక్కల పొలాలకు ఎత్తిపోతల నీళ్లు అక్కడివే. చేపలు, పశువుల మేత, చాపలకు గడ్డి అక్కడివే. ఒక ప్రైవేటు థర్మల్ కేంద్రానికి ఆ నేల ఇచ్చారు. కాగితాల్లో అది పెద్దగా పనికిరాని భూమి. ఊళ్లోవాళ్లకు అది నీళ్ల కుండ.

పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ 2006 ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. మన వ్యవస్థలో ప్రభుత్వమే టెంటు వేసి, కుర్చీలు వేసి, ‘మీ అభ్యంతరం చెప్పండి’ అని అడిగే అరుదైన సందర్భం ఇది. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రికలో. నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, పంచాయతీలో చదువుకోవడానికి పెట్టాలి. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. ఎంతమంది రావాలన్న కోరం లేదు. ముగిశాక మినిట్స్‌ను అక్కడికక్కడే స్థానిక భాషలో చదివి వినిపించి, ఆ రోజే సంతకాలు చేయాలి.

జరిగేది ఇంకోలా ఉంటుంది. ముందు వరసలు పొద్దున్నే లారీల్లో వచ్చినవాళ్లతో నిండిపోతాయి. మైకు ఉద్యోగాల గురించి మాట్లాడేవాళ్లకు ముందు అందుతుంది. బాధిత గ్రామాలవాళ్లు బారికేడ్ల అవతల ఉంటారు. కోపంతో కుర్చీలు విసిరితే, ‘శాంతిభద్రతల దృష్ట్యా’ సభ త్వరగా ముగించారని రాస్తారు. నలుగురు మాట్లాడిన అభ్యంతరాలు ‘కొందరు కొన్ని సందేహాలు వ్యక్తం చేశారు’ అన్న ఒక్క వాక్యంలోకి కుదించుకుపోతాయి. అనుభవమున్న సంఘాలు అందుకే నోటితో చెప్పిందే కాగితం మీదా రాసి, సర్వే నంబర్లతో సహా ఇచ్చి, అక్కడే రసీదు తీసుకుంటాయి. కోపం వీడియోలో పడుతుంది గానీ అప్పీలులో పనికొచ్చేది సర్వే నంబరే.

2010 జులై 14న పనులు మొదలుపెట్టబోతే జనం అడ్డుపడ్డారు, పోలీసు కాల్పుల్లో రైతులు ప్రాణాలు కోల్పోయారు. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్నదే అక్కడ తేలిన సంగతి. అంటే బీల బీలే అని ఒప్పుకున్నారు. ఊళ్లో పశువులు కాసే పిల్లాడికి తెలిసిన విషయం దేశ రాజధానిలో రికార్డుకెక్కడానికి ఇంత అయ్యింది.

సోంపేటవాళ్లు దేశం కోసం పోరాడారా? లేదు, తమ నీళ్ల కోసం పోరాడారు. ప్రాజెక్టు కావాలన్నవాళ్లు ఆ మాటే అన్నారు: దేశానికి కరెంటు కావాలి, వీళ్లు తమ చేపల గురించి ఏడుస్తున్నారు అని. అదీ తీసిపారేయాల్సిన మాట కాదు. కరెంటు కావాలి, ఎక్కడో ఒకచోట కట్టాలి, ప్రతి ఊరూ మా దగ్గర వద్దంటే ఏం చేయాలి? నా దగ్గర సులువైన జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ నేల గురించి ప్రభుత్వం దగ్గరున్న కాగితం తప్పు, జనం చెప్పింది ఒప్పు. తప్పు కాగితం మీద దేశం తీసుకునే ఏ నిర్ణయమైనా దేశానికే నష్టం. ఆ తప్పును దిద్దగలిగింది స్వార్థం ఉన్నవాళ్లే, ఎందుకంటే రోజూ ఆ నీళ్లలో దిగేది వాళ్లే.

కూర్మన్నపాలెం

‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’. ఈ నినాదంలో భారతదేశం లేదు. 1966లో దీన్ని విన్న ఢిల్లీవాళ్లకు ఇది ప్రాంతీయ పెంకితనంగానే అనిపించి ఉంటుంది. ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమకారుడు అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి. మొత్తం ఉద్యమంలో 32 మంది చనిపోయారు. రైళ్లు ఆగాయి, ప్రభుత్వ ఆస్తులు దెబ్బతిన్నాయి. 1970లో ప్రకటన, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన, ఆ తర్వాత చాలా ఏళ్ల సాగతీత. చివరికి 1992 ఆగస్టు 1న ప్రధాని పీవీ నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆంధ్రుల హక్కు అని గొడవ చేసి తెచ్చుకున్నది జాతికి అంకితమైంది, జాతీయ సొత్తయింది.

ఆ సొత్తును అమ్మాలని 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించింది. ప్లాంటు బయట కూర్మన్నపాలెం కూడలిలో శిబిరం వెలిసింది, రిలే నిరాహారదీక్షలు మొదలయ్యాయి. రిలే దీక్ష అంటే తెలియనిది కాదు: ఒక్కో విభాగం నుంచి ఇంతమంది చొప్పున రోజూ మారుతూ కూర్చోవడం. ఫ్యాక్టరీ ఆగదు, శిబిరం ఖాళీ కాదు. ఏప్రిల్‌లో కరోనా రెండో అల వచ్చింది. మహారాష్ట్ర నుంచి 7 ఖాళీ ట్యాంకర్లతో దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఈ ప్లాంటుకే వచ్చింది, నింపుకుని ఏప్రిల్ 22న బయల్దేరింది. బయట కూడలిలో ప్రభుత్వ నిర్ణయానికి వ్యతిరేకంగా దీక్ష నడుస్తూనే ఉంది, లోపల అదే కార్మికవర్గం ఊపిరి నింపి పంపింది. అసమ్మతి, దేశభక్తి ఒకే గేటు లోపలా బయటా ఉన్న రోజులవి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. దీక్షలవల్లా, ఎన్నికల లెక్కలవల్లా అన్నది ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు.

ఇంతవరకు కథ బాగుంది. దీని కింద ఇంకో పొర ఉంది. ఆ ప్లాంటు కోసం 64 ఊళ్లు భూములిచ్చాయి. ఇంటికో ఉద్యోగమన్న హామీకి గుర్తుగా నిర్వాసితుల చేతికి ఆర్ కార్డులొచ్చాయి. అందరికీ ఉద్యోగాలు రాలేదు. ఆర్ కార్డు పట్టుకుని ఇంకా తిరుగుతున్న కుటుంబాలున్నాయి. వాళ్ల అసమ్మతి ఉక్కు ఉద్యమం పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఎందుకంటే అది గెలిచిన అసమ్మతి మీద అసమ్మతి. ‘జాతి ప్రయోజనం’ అన్న మాటను మొదట ఢిల్లీ మన మీద వాడింది, తర్వాత మనం ఆ 64 ఊళ్ల మీద వాడాం. దేశభక్తిని కొలబద్దగా పెట్టుకుంటే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. గెలిచినవాళ్ల కోపం చరిత్రవుతుంది, ఓడినవాళ్లది అల్లరవుతుంది.

ఆస్తుల ధ్వంసం మాటకొస్తే నాకు రెండో అభిప్రాయం లేదు. బస్సు తగలబెట్టినవాడు ఆ బస్సులో వెళ్లేవాడికి సమాధానం చెప్పాలి. 2009లో సుప్రీంకోర్టు దీనిమీద మార్గదర్శకాలిచ్చింది. ఆ కేసు శీర్షికలో ప్రతివాదిగా ఉన్నది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే, అదేం గొప్ప కాదు. నష్టాన్ని లెక్కగట్టి, చేయించినవాళ్ల దగ్గర వసూలు చేయమంది. అలా వసూలైన దాఖలాల కోసం వెతికితే అలసిపోతాం, ఎందుకంటే ప్రభుత్వం మారగానే ఆ కేసులు ఎత్తేయడం ఆనవాయితీ. శాంతంగా కూర్చున్న అంగన్‌వాడీ టీచరు మీద 223 కేసు ఏళ్లపాటు నడుస్తుంది. బస్సు తగలబెట్టిన కేసు మాత్రం జీవోతో పోతుంది.

సుబ్బారావు గారి తీర్పు

ఒక రకం అసమ్మతిని మాత్రం మనం ఎప్పుడూ తిట్టం. జడ్జీలది. 1976 ఏప్రిల్ 28న ఎమర్జెన్సీలో నలుగురు జడ్జీలు ఒకవైపు ఉంటే, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే అరెస్టయినవాడు కోర్టుకు రావచ్చని రాశారు. ఆ మరుసటి ఏడాది జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ను దాటి జూనియర్‌కు పోయింది. ఇవాళ ఆయన ఫొటో సుప్రీంకోర్టులో ఉంది. మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు 1962 డిసెంబర్‌లో ఖరక్ సింగ్ కేసులో రాసిన భిన్నమైన తీర్పు ఇంకా పాతది. బందిపోటు దోపిడీ కేసులో ఆధారాల్లేక వదిలేసిన మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి, రాత్రుళ్లు తలుపు కొట్టి, ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో కాపలా కాసేవారు. రాత్రి తలుపు కొట్టడం తప్పు, మిగతా నిఘా పరవాలేదు, గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ అంది. నిఘా మొత్తం చెల్లదని సుబ్బారావు గారు, ఆయనతోపాటు జస్టిస్ షా రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం సుబ్బారావు గారి పక్షమే నిలిచింది. దాదాపు 55 ఏళ్ల తర్వాత.

జడ్జి అసమ్మతికీ వీధిలో అసమ్మతికీ పోలికేమిటని అడగొచ్చు. జడ్జి కారణాలు రాస్తాడు, పేరు పెడతాడు, ఓడిపోయినా మెజారిటీ తీర్పును పాటిస్తాడు. నిజమే. అయితే దరఖాస్తు పెట్టి, పేర్లిచ్చి, కోర్టు షరతులకు కట్టుబడి, అరెస్టయితే వ్యాన్ ఎక్కేవాడు చేసేదీ అదేగా? ఇంకో మాట. సుబ్బారావు గారు 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. అది ఆయనకు శోభ తెచ్చిందని నేననుకోను. దాన్ని బట్టి ఆయన తీర్పుల వెనక ఉద్దేశాలు వెతికినవాళ్లూ ఉంటారు. 1962 తీర్పు మాత్రం అలాగే ఉంది. రాసినవాడి మనసు ఏదైనా, రాసింది ఒప్పు.

ఆ తీర్పు మన ఊళ్లల్లో రోజూ ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. ముఖ్యమంత్రి పర్యటన ఉందంటే ముందురోజు రాత్రి నుంచి సంఘాల నాయకుల ఇళ్ల ముందు కానిస్టేబుళ్లు కూర్చుంటారు. పొద్దున్నే పేపర్లో ‘గృహనిర్బంధం’ అని వస్తుంది. పోలీసు వాడే అర్థంలో ఆ మాట ఏ చట్టంలోనూ లేదు. ముందస్తు అరెస్టుకు పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 151, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 170 ఉంది. దానికింద తీసుకుంటే 24 గంటలకు మించి ఉంచకూడదు, రికార్డులో రాయాలి. ఇంట్లోనే ఉంచితే ఏదీ రాయనక్కర్లేదు, అందుకే ఇంట్లో ఉంచుతారు. తలుపు తీసినవాళ్లు అడగాల్సింది ఒక్కటే: ఏ సెక్షన్, ఎవరి ఉత్తర్వు, రాసివ్వండి. చాలాసార్లు ఆ కానిస్టేబుల్ దగ్గర కాగితం ఉండదు. సీఐ గారికి ఫోన్ చేస్తాడు. సీఐ గారు, “పెద్దాయనకు టీ ఇప్పించి కూర్చోబెట్టవయ్యా, మధ్యాహ్నానికి అయిపోతుంది” అంటారు. ఆ ఫోన్ చేసిన సమయం, కానిస్టేబుల్ బ్యాడ్జీ నంబరు, పక్కనున్న ఇద్దరి పేర్లు ఒక కాగితం మీద రాసుకోవాలి.